కన్నీళ్ళు దాచని ఇంట్లో ఆనందం

ఇంటికి కష్టం వచ్చినప్పుడు పెద్దవాళ్ళు మొట్టమొదట గొంతు తగ్గిస్తారు. ఫోను మోగితే పెరట్లోకి వెళ్ళి మాట్లాడతారు. బ్యాంకు నుంచి వచ్చిన కాగితం పరుపు కిందకి పోతుంది. పిల్లలు గదిలోకి రాగానే మాట మారుతుంది. "ఏం లేదు నాన్నా, నువ్వు పోయి చదువుకో." ఏడేళ్ళ పిల్లకైనా ఆ "ఏం లేదు"లో ఏదో ఉందని తెలిసిపోతుంది. అదేమిటో ఎవరూ చెప్పరు కాబట్టి తనకి తోచింది ఊహించుకుంటుంది. ఆ ఊహ అసలు కష్టం కంటే పెద్దదై కూర్చుంటుంది. ఒక్కోసారి "నేను ఫీజు అడిగినందుకే అమ్మ ఏడుస్తోంది" అనేదాకా పోతుంది.

క్రైస్తవుల ఇళ్ళల్లో దీనికి ఇంకో బరువు తోడవుతుంది. ఆదివారం మందిరంలో "బాగున్నారా అక్కా" అని ఎవరైనా అడిగితే "దేవుని కృప" అని నవ్వాలి. ఏడిస్తే సాక్ష్యం పోతుందేమోనని భయం. విశ్వాసం తక్కువైందనుకుంటారేమోనని ఇంకో భయం. ఎప్పుడూ ఆనందించమని పౌలు రాశాడు కదా, మనం ఇలా దిగులుపడొచ్చా అని లోపల ఒక నింద. అదే నింద పిల్లల మీదికి మందలింపుగా దిగుతుంది: "ఏడవకూడదమ్మా, ప్రార్థన చేసుకో." మాట మంచిదే. కానీ ఉడుకుతున్న గిన్నె మీద మూతలా దాన్ని వాడుతున్నాం.

కష్టకాలంలో ఆనందాన్ని ఎంచుకోవడం విశ్వాసికి సాధ్యమే. అది పిల్లలకు నేర్పవలసిందే కూడా. అయితే నేర్పే దారి మందలింపు కాదు. నిజం చెప్పి, కన్నీళ్ళకు చోటిచ్చి, ఆ తర్వాత మీరు దేవుడిలో ఎలా సంతోషిస్తున్నారో వాళ్ళ కళ్ళ ముందు బతికి చూపించడమే దారి. అమ్మానాన్నలకు నేను చెప్పదలచింది ఇంతే. మిగతాదంతా అది ఇంట్లో ఎలా కుదురుతుందన్న సంగతి.

ఆనందపు ఉత్తరంలోనే దుఃఖం

ఫిలిప్పీయులకు రాసిన పత్రికను ఆనందపు పత్రిక అంటాం. పౌలు దాన్ని సంకెళ్ళలో ఉండి రాశాడని సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. నాలుగే అధ్యాయాలు, ఒకసారి పిల్లలతో కలిసి మొదటి నుంచి చివరిదాకా చదవండి. సంతోషం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. దాని పక్కనే, మనం సాధారణంగా కంఠతా పట్టించని మాటలు కూడా కనిపిస్తాయి. తన కోసం కానుక తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్ళాడని, అతనే గనక పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని పౌలు దాచుకోకుండా రాశాడు. మూడో అధ్యాయంలో కొందరి గురించి చెబుతూ, ఏడుస్తూ చెబుతున్నానన్నాడు. ఆ ఏడుపు నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ఆనందంగా మారిపోలేదు. రెండూ ఒకే మనిషిలో, ఒకే ఉత్తరంలో, ఒకే చెరసాలలో ఉన్నాయి.

ఇంకొకటి గమనించండి. లేమిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం తాను నేర్చుకున్నానని చివర్లో పౌలు చెబుతాడు. అంతటి అపొస్తలుడే నేర్చుకున్నాడంటే, మన పదేళ్ళ పిల్లాడికి మనం కొంచెం వ్యవధి ఇవ్వొచ్చు. తాతయ్య పోయిన మూడో రోజే వాడి ముఖంలో సంతోషం కనబడలేదని కంగారుపడనక్కర్లేదు.

నష్టాన్ని పేరు పెట్టి చెప్పండి

2021-22లో నల్ల తామరపురుగు మిర్చి పైరును ఎలా తినేసిందో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు ఇళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పూత పూతగానే రాలిపోయింది. పెట్టుబడి పోయింది, కౌలు మిగిలింది. అలాంటి ఏడాది ఒక తండ్రి ఏడో తరగతి కొడుకుతో ఎలా మాట్లాడొచ్చు? ఒక నమూనా:

"ఈసారి మన మిర్చి పోయింది, చూశావుగా. పురుగుమందుల కొట్టులో బాకీ ఉంది. కౌలు కూడా కట్టాలి. అందుకే నేనూ అమ్మా దిగులుగా ఉంటున్నాం. నీకు సైకిల్ కొంటానన్నాను, ఈ ఏడాది కొనలేను. అన్నానికి మాత్రం లోటు లేదు. నువ్వు బడి మానక్కర్లేదు. బాకీ సంగతి పెద్దవాళ్ళం చూసుకుంటాం, బాబాయితో మాట్లాడాను. ఇందులో నీ తప్పు ఒక్కటీ లేదు. ఏమైనా అడగాలనుంటే ఎప్పుడైనా అడుగు."

ఇందులో ఏముందో చూడండి. జరిగింది ఉంది. దానివల్ల పిల్లాడికి ఏం మారుతుందో, ఏం మారదో ఉంది. భారం ఎవరు మోస్తున్నారో ఉంది. నీ తప్పు కాదన్న మాట ఉంది. ఎన్ని లక్షలన్నది లేదు, ఎవరు ఎన్ని మాటలన్నారన్నది లేదు. అవి వాడు మోయాల్సినవి కావు. ఆరేళ్ళ పాపకైతే రెండు వాక్యాలు చాలు: "పొలంలో పంట పోయింది, అందుకే నాన్నకి బాధగా ఉంది. నీ మీద కోపం కాదు." పదిహేనేళ్ళ వాళ్ళకు ఇంకాస్త లెక్క చెప్పొచ్చు, సలహా అడగొచ్చు. కానీ పెద్ద కూతుర్ని మీ కష్టసుఖాలన్నీ చెప్పుకునే తోడుగా మార్చేయకండి. అమ్మ తన భయమంతా కుమ్మరిస్తే ఆ పిల్ల పైకి ధైర్యంగా కనిపిస్తుంది, లోపల నిద్రపోదు.

నిజం చెప్పడానికీ ఆనందించడానికీ సంబంధమేమిటో తెలియాలంటే హబక్కూకు గ్రంథం తీయండి. మూడు అధ్యాయాల చిన్న పుస్తకం. ఎంతకాలం మొరపెట్టాలి దేవా అన్న ఫిర్యాదుతో మొదలవుతుంది. కల్దీయుల సైన్యం మీదికి రాబోతోందన్న కబురు విని ప్రవక్త వణికిపోతాడు. చివర్లో తన సంతోషం చెప్పేముందు ఏమేమి లేకుండా పోవచ్చో వరుసగా లెక్కపెడతాడు: అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పొలంలో పైరు, దొడ్డిలో గొర్రెలు, కొట్టంలో పశువులు. ఆరు నష్టాలు. ఒక రైతు కుటుంబం దగ్గర ఉండగలిగిందంతా ఆ ఆరింటిలో ఉంది. ఒక్కటీ వదలకుండా చెప్పాకే, అయినా నా దేవుడిలో సంతోషిస్తానన్నాడు. ఎక్కడా "ఏం లేదు" అనలేదు. లేనివాటిని పేరుపేరునా చెప్పగలిగిన మనిషి ఆనందం కాబట్టే అది నమ్మదగ్గదిగా ఉంటుంది.

ఆ ప్రార్థన చివర ప్రధాన గాయకుడికి, తంతివాద్యాల మీద పాడడానికి అని ఒక సూచన ఉంటుంది. అంటే ఒక మనిషి ఒంటరిగా వణుకుతూ చేసిన తీర్మానం పదిమందీ కలిసి పాడుకునే పాటయింది. మీ ఇంట్లోనూ ఒక సాయంత్రం ఇలా చేయండి. ఈ ఏడాది పోయినవేమిటో ఇంటిల్లిపాదీ తలా ఒకటి చెప్పండి. ఒకరు కాగితం మీద రాయండి. చిన్నది సైకిల్ అంటుంది, పెద్దవాడు కాలేజీ సీటు అంటాడు, అమ్మ తన అమ్మ పేరు చెబుతుంది. ఎవరి నష్టాన్నీ చిన్నదనకండి. చివర్లో దేవుడిలో సంతోషిస్తానన్న మాట ముందు మీరు చెప్పండి. పిల్లలు కలిస్తే కలుస్తారు. కలవకపోతే బలవంతం చేయకండి. విన్నారు, అది చాలు.

వాగ్దానం కార్డు అడిగించే ప్రశ్న

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనలో చాలామంది వాగ్దానం కార్డు తీసుకుంటాం. ఇంటికి తెచ్చి బీరువా తలుపుకో దేవుడి వాక్యాల కేలండరు పక్కనో అంటిస్తాం. ఆ కార్డులో స్వస్థత గురించిన వాక్యం వచ్చిందనుకోండి. మార్చిలో తాతయ్య ఆస్పత్రిలో చనిపోయాడనుకోండి. కార్డు ఇంకా తలుపు మీదే ఉంది. పిల్ల అడుగుతుంది: "దేవుడు బాగుచేస్తానన్నాడు కదమ్మా, మరి తాతయ్య ఎందుకు చనిపోయాడు?"

ఈ ప్రశ్నకు మనం భయపడతాం. అందుకే తొందరపడి ఏదో ఒకటి అనేస్తాం. "అలా అడగకూడదు, పాపం." "దేవుడికి తాతయ్య అంటే ఇష్టం, అందుకే తీసుకెళ్ళిపోయాడు." రెండో మాట విన్న పిల్ల, దేవుడికి అమ్మ మీద ఇష్టం కలిగితే ఎలా అని రాత్రంతా ఆలోచిస్తుంది. "మనం ఇంకా గట్టిగా ప్రార్థించి ఉంటే..." అన్న మాట అన్నిటికంటే క్రూరమైంది. మరణాన్ని తెచ్చి పసిబిడ్డ మోకాళ్ళ మీద పెడుతుంది.

"నాకూ అదే అడగాలనుంది తల్లీ. నాకు తెలియదు. ఇద్దరం కలిసి దేవుణ్ణే అడుగుదాం" అనండి. అది అవిశ్వాసం కాదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలూ ఫిర్యాదులే. 88వ కీర్తన అయితే వెలుతురు కనబడకుండానే, చీకట్లోనే ముగుస్తుంది. అయినా దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసేయలేదు. లాజరును సమాధి చేసిన నాలుగు రోజులకు యేసు వచ్చినప్పుడు అతని అక్క మార్త ఒక మాట అంది: నువ్వు ఇక్కడుంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదని. కాసేపటికి మరియ వచ్చి అదే మాట అంది. ఆయన ఇద్దరిలో ఎవరినీ గద్దించలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసీ సమాధి దగ్గరికి వెళ్తూ ఏడ్చాడు. పిల్లలకు లాజరు లేచిన కథ చెబుతూ ఆ కన్నీళ్ళ దగ్గర మనం గబగబా దాటేస్తాం. అక్కడ కాస్త ఆగండి.

మరి ఆనందం దేని మీద నిలబడాలి? కార్డులోని మాట ఈ ఏడాదే, మనం అనుకున్నట్టే జరగడం మీద నిలబెడితే అది మార్చిదాకా కూడా ఉండదు. క్రైస్తవుడి ఆనందానికి ఆధారం తెరుచుకున్న యేసు సమాధి. మన వైపు చాలా ఊళ్ళల్లో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన చేస్తారు. పిల్లల్ని నిద్రలేపి తీసుకెళ్ళండి. తాతయ్య సమాధి దగ్గర పూలు పెట్టనివ్వండి. ఆయన ఎలా నవ్వేవాడో, ఏ పాట తప్పుగా పాడేవాడో అక్కడే చెప్పుకోండి. మరణం నిజమేనని, అదే చివరి మాట కాదని ఎన్ని ప్రసంగాలు చెప్పినా పట్టుబడని సంగతి, పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ అమ్మ గొంతులో పాట వింటే పట్టుబడుతుంది.

ఎంచుకోవడమంటే రోజూ చేసే పని

ఆనందాన్ని ఎంచుకోవడం ఒక్క రాత్రి తీర్మానంతో అయ్యేది కాదు. అలవాటుగా మారాలి, అలవాటుకు వేళ కావాలి. జర్మనీలోని ఐలెన్‌బుర్గ్ పట్టణంలో మార్టిన్ రింకార్ట్ అనే పాస్టరు ఉండేవారు. ముప్పై ఏళ్ళ యుద్ధం ఊరిని పిండేసిన కాలం అది. 1637లో ప్లేగు వచ్చింది. తోటి పాస్టర్లు పోయారు, ఒకరు ఊరు వదిలారు. ఆ ఏడాది ఆయన నాలుగు వేలకు పైగా శవాలను సమాధి చేయాల్సి వచ్చిందంటారు. అందులో ఆయన భార్య కూడా ఉంది. ప్రపంచమంతటా నేటికీ పాడుకునే ఒక కృతజ్ఞతా కీర్తన ఆయనదే. దాన్ని మొదట తన ఇంట్లో పిల్లలు భోజనం దగ్గర పాడుకోవడానికి రాశారని చెబుతారు. అన్నం బల్ల దగ్గర మొదలైన అలవాటే ఊరంతా మరుభూమి అయినప్పుడూ ఆయన నోట నిలిచింది.

మన ఇళ్ళల్లో ఆ వేళ రాత్రి కుటుంబ ప్రార్థన. కష్టం రాగానే చాలా ఇళ్ళల్లో రెండిట్లో ఒకటి జరుగుతుంది: ప్రార్థన ఆగిపోతుంది, లేదా గంటన్నర సాగే మొరగా మారి పిల్లలు చాప మీదే నిద్రపోతారు. పదిహేను నిమిషాలు చాలు. ఒక పాట, ఒక చిన్న వాక్యభాగం, ఇవాళ బాధపెట్టింది ఒకటి, ఇవాళ సంతోషపెట్టింది ఒకటి. సంతోషపెట్టినదాన్ని వివరంగా చెప్పించండి. "దేవా, అన్నిటికీ స్తోత్రం" అనడం తేలిక. "రెండో పీరియడ్‌లో సోషల్ టీచరు నా నోట్సు చూసి నవ్వింది, స్తోత్రం" అనాలంటే రోజంతా కళ్ళు తెరిచి ఉండాలి. పాటల పుస్తకంలోంచి ఏ పాట పాడాలో పిల్లల్నే ఎంచుకోనివ్వండి. పురుషోత్తమ చౌధరి గారి కీర్తన తాతమ్మకు వచ్చు, మనవడికి యూట్యూబు పాట వచ్చు, రోజుకొకరి వంతు. దుఃఖంలో గొంతు పెగలకపోతే ఆ రోజు పాట వినండి.

పాటతో పాటు చేతికీ పని ఉండాలి. ధాత కరువు రోజుల్లో, అంటే 1876-78లో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆకలితో ఉన్నవాళ్ళకు ముందు కూలి చూపించారు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వాళ్ళను పనిలో పెట్టారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు సంతోషం వెనుక పలుగూ పారా గంజీ ఉన్నాయి. మీ ఇంట్లోనూ అంతే. ప్రార్థన చేసి లేచాక బ్యాంకుకు వెళ్ళి వాయిదా గురించి మాట్లాడండి. కొత్త పని వెతకండి. పిల్లల చేత వాళ్ళ వయసుకు తగిన పని చేయించండి. పక్కింటి అవ్వకు కూర ఇచ్చి రమ్మనండి. కష్టంలో ఉన్నా తన చేతిలో ఇవ్వడానికి ఏదో ఉందని తెలిసిన పిల్లాడు కుంగిపోడు.

యువొదియ, సుంటుకే

ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో, ఎప్పుడూ ఆనందించమన్న ఆ ప్రసిద్ధమైన మాటకు కాస్త ముందు ఏముందో చాలామంది గమనించరు. ఫిలిప్పీ సంఘంలో పడని ఇద్దరు స్త్రీలను, యువొదియను సుంటుకేను, పేరు పెట్టి పిలిచి ఒక్క మనసుతో ఉండమని పౌలు బతిమాలాడు. తగవు తీర్చుకోమన్నాకే ఆనందించమన్నాడు. డబ్బు లేనప్పుడు, జబ్బు వచ్చినప్పుడు భార్యాభర్తల మధ్య మాటలు పెరుగుతాయి. "మీ వాళ్ళు సాయం చేయలేదు" అంటే "నేను వద్దన్న అప్పు మీరు చేశారు" అని. పిల్లలకు కష్టం కంటే ఈ మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి. పోట్లాడుకున్నది వాళ్ళ ముందే అయితే సమాధానపడేది కూడా వాళ్ళ ముందే కానివ్వండి. "నేను తొందరపడి మాటన్నాను, అమ్మకి సారీ చెప్పాను" అన్న ఒక్క వాక్యం ఆ ఇంటికి రెండు పాటల పెట్టు.

పెద్దపిల్లలు మూగబోతే

ఇంటర్ ఫలితాల రోజులు మన రెండు రాష్ట్రాల్లోనూ తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు. ఫెయిలైన పిల్లవాడికి ఆ సాయంత్రం సాక్ష్యం గురించి, చర్చిలో పరువు గురించి చెప్పకండి. పక్కన కూర్చుని అన్నం పెట్టండి. సప్లిమెంటరీ ఉందన్న సంగతి మర్నాడు మాట్లాడొచ్చు. వారాల తరబడి నిద్రపోకపోయినా, తినకపోయినా, ఇష్టమైనవాటి జోలికి పోకపోయినా, తాను లేకపోతేనే మేలన్నట్టు మాట్లాడినా అది విశ్వాసలోపమని తీర్మానించి ఉపవాస కూడికతో సరిపెట్టకండి. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఫిలిప్పీ చెరసాలలో పౌలూ సీలా అర్ధరాత్రి పాడిన పాట మనందరికీ ఇష్టమైన కథ. భూమి కంపించి తలుపులు తెరుచుకున్నాక, ఖైదీలంతా పారిపోయారనుకుని చెరసాల అధికారి కత్తి దూశాడు, తనను తాను చంపుకోబోయాడు. ఆ పాట తర్వాత పౌలు బిగ్గరగా కేక వేసింది అతన్ని ఆపడానికే. ఆ రాత్రే ఆ అధికారి వాళ్ళ గాయాలు కడిగాడు, ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాడు, ఇంటివాళ్ళందరితో కలిసి సంతోషించాడు. పాడినంత మాత్రాన వీపు మీద దెబ్బలు మాయం కాలేదు. ఎవరో ఒకరు నీళ్ళు తెచ్చి కడగాల్సి వచ్చింది. కౌన్సిలరు, డాక్టరు, మందు, వీటన్నిటినీ అలా చూడండి.

మీ వల్ల కానప్పుడు

ఇన్ని చెప్పాక, ఇవేవీ చేసే ఓపిక లేని రోజులు కూడా ఉంటాయని నాకు తెలుసు. ఆస్పత్రి వరండాలో రాత్రిళ్ళు గడుపుతున్న తల్లికి ఏ సలహా పెట్టినా బరువే. అలాంటప్పుడు ఒక్కటి చేయండి: ఎవరితోనైనా చెప్పండి. పాస్టరమ్మ గారికో, స్త్రీల కూడికలో మీరు నమ్మే ఒక అక్కకో, "మేం బాగాలేం" అని అనండి. "దేవుని కృప" అన్న మాట వెనుక దాక్కోకండి. అంత చక్కగా ఆనందం గురించి రాసిన పౌలు ఆ ఉత్తరం చివర్లో చేసిందేమిటంటే, తన అవసరానికి డబ్బు పంపినందుకు ఆ సంఘాన్ని మెచ్చుకోవడం. తన కష్టంలో పాలుపంచుకుని మంచి పని చేశారన్నాడు. థెస్సలొనీకలో ఉన్నప్పుడూ ఒకటికి రెండుసార్లు వాళ్ళు పంపారని గుర్తుచేసుకున్నాడు. తీసుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. ఆయన సంతోషంలో దేవుడిచ్చిన బలమెంతో, ఎపఫ్రొదితు మోసుకొచ్చిన మూట కూడా అంతే.

కాబట్టి ఎవరైనా బియ్యం సంచి తెచ్చి గుమ్మంలో పెడితే వద్దనకండి. "మీ అబ్బాయిని ఈ వారం మా ఇంట్లో ఉంచండి వదినా" అంటే పంపండి. మీరు పాడలేని రోజు పక్కింటివాళ్ళు వచ్చి మీ చాప మీద కూర్చుని పాడతామంటే రానివ్వండి. పిల్లలు అది చూడాలి. కష్టాన్ని దాచుకోనక్కర్లేదని, సాయం అడగడం చిన్నతనం కాదని, ఏడ్చిన నోటితోనే పాడొచ్చని వాళ్ళకు ఇప్పుడు తెలిస్తే, రేపు హైదరాబాదులో హాస్టలు గదిలోనో గల్ఫ్‌లో లేబర్ క్యాంపులోనో వాళ్ళకంటూ ఒక చెడ్డ రోజు వచ్చినప్పుడు మీకు ఫోను చేస్తారు. మందలించి ఏడుపు మాన్పించిన పిల్లలు ఆ ఫోను చేయరు.